ఇన్సర్ట్ ఫ్యాన్ తిరుగుతోంది, గది మాత్రం వేడెక్కట్లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాం?

నాషువా_కొత్తిల్లు | నవంబర్ 16, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఆగస్టులో న్యూ హాంప్‌షైర్‌లోని నాషువాలో ఇల్లు కొన్నాం. 1978లో కట్టిన ఇల్లు. హాల్లో ఇటుక ఫైర్‌ప్లేస్ ఉంది, దాని లోపల పాత ఓనరు కట్టెల ఇన్సర్ట్ ఒకటి బిగించి వెళ్లాడు. ఇనప పెట్టె, ముందు గాజు తలుపు, తలుపు కింద లాగి నెట్టే ఒక కమ్మీ, కుడిపక్కన ఫ్యాన్ డయల్, దాని పక్కనే ఆటో, మాన్యువల్ అని ఒక స్విచ్. వాడుకునే పుస్తకం ఇవ్వలేదు. ఎలా వాడాలని అడిగితే "చాలా ఈజీ" అని నవ్వి వెళ్లిపోయాడు.

వారం నుంచి కుస్తీ పడుతున్నాను. కట్టెలు అంటుకోవడానికే అరగంట పడుతోంది. అంటుకున్నాక ఫ్యాన్ వేస్తే ముందు చల్లగాలి, తర్వాత గోరువెచ్చని గాలి. ఫ్యాన్ పెంచితే మంట ఇంకా బాగా లేస్తుందేమోనని ఫుల్‌లో పెట్టాను, మంట నీరసించింది. ఆటోలో పెడితే అసలు తిరగదు. ఇక పాడైందని వదిలేస్తే ముప్పావు గంటకి దానంతట అదే మొదలవుతుంది, రాత్రి మేం పడుకున్నాక కూడా తిరుగుతూనే ఉంటుంది. గాజు రెండో రోజుకే నల్లగా అయిపోయింది. పైగా నిన్న వంట చేస్తుంటే హాలంతా పొగ, అలారం మోగింది, పాప ఏడుపు.

బాపట్ల దగ్గర పల్లెలో పుట్టినవాణ్ణి. కట్టెల పొయ్యి నాకు కొత్త కాదు. కానీ దీని ముందు పరువు పోతోంది.

మిషిగన్_మావయ్య | నవంబర్ 16, రాత్రి 10:05

పల్లెలో పొయ్యి వెలిగించింది మీరా, మీ అమ్మగారా? నిజం చెప్పండి :)

నాషువా_కొత్తిల్లు | నవంబర్ 16, రాత్రి 10:07

అమ్మే. నేను ఊదుగొట్టం అందించేవాణ్ణి.

వూస్టర్_పాతకాపు | నవంబర్ 16, రాత్రి 11:20

తమ్ముడూ, మీ తిప్పలకి సగం కారణం ఆ ఊదుగొట్టమే. ఈ ఫ్యాన్ ఊదుగొట్టం కాదు. మంట మీదికి ఒక్క చుక్క గాలి కూడా పంపదు.

ఇన్సర్ట్ అంటే పెట్టెలో పెట్టె అనుకోండి. లోపలి పెట్టెలో మంట. బయటి తొడుగుకీ దానికీ మధ్య సందు ఉంటుంది. ఫ్యాన్ గదిలోని గాలిని కిందనుంచో పక్కనుంచో లాగి, ఆ సందులోంచి తిప్పి, కాలుతున్న ఇనుముకి రాసుకుంటూ పోనిచ్చి, పైనుంచి గదిలోకి వదులుతుంది. మంటకి గాలి వేరే దారిలో వస్తుంది, మీరు చెప్పిన కమ్మీతో తగ్గించేదీ పెంచేదీ అదే. ఈ రెండు గాలులూ ఎక్కడా కలవవు. కలిశాయంటే పెట్టె చిల్లుపడిందని అర్థం.

ఫ్యాన్ వేడి పుట్టించదు, పుట్టిన వేడిని తీసుకొస్తుంది, అంతే. మంట ఇంకా నిలదొక్కుకోకముందే ఫుల్‌లో పెడితే పెట్టె చల్లబడుతుంది, పెట్టె చల్లబడితే మంట నీరసిస్తుంది, పొగ ఎక్కువవుతుంది, గాజు నల్లబడుతుంది. మీరు చెప్పిన వరసే కదా?

మా ఇంట్లో పద్ధతి ఇది. అంటించాక మొదటి 30, 40 నిమిషాలు ఫ్యాన్ జోలికి పోను. పెట్టె బాగా కాగాక తక్కువలో మొదలుపెడతాను. బయట సున్నాకి దిగినా సగానికి మించి పెంచను. కొత్తగా కట్టెలు వేసినప్పుడు మళ్లీ పది నిమిషాలు ఆపుతాను. ఫుల్ స్పీడ్ వాడింది ఈ పదిహేనేళ్లలో నాలుగైదు సార్లు, అదీ మంట మరీ ఎక్కువై పెట్టెని చల్లబరచాల్సి వచ్చినప్పుడు.

మంట గురించి రేపు రాస్తాను, నిద్రొస్తోంది.

ఓరుగల్లు_పిల్ల | నవంబర్ 17, ఉదయం 7:15

ఎలక్ట్రికల్ ఇంజనీర్‌ని కాబట్టి ఫ్యాన్ స్విచ్ సంగతి నేను చెప్తా. మీ ఫ్యాన్ మంచిగనే ఉంది.

పెట్టె ఒంటికి ఆనించి నాణెం కన్నా కొంచెం పెద్ద బిళ్ల ఒకటి ఉంటుంది. స్నాప్ డిస్క్ అంటారు. రెండు లోహాల రేకు, ఒక వేడి దాటగానే "టిక్" మని వంగి కరెంటు కలుపుతుంది, చల్లబడ్డాక మళ్లీ "టిక్" మని విడిపోతుంది. చాలా మోడళ్లలో 110, 120 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర కలుస్తుంది, 90 దగ్గర విడిపోతుంది. ఆటోలో పెడితే ఈ బిళ్ల చెప్పినప్పుడే ఫ్యాన్ తిరుగుతుంది. అందుకే మొదట్లో తిరగలేదు, మీరు పడుకున్నాక కూడా తిరిగింది. మంట ఆరినా ఇనుములో వేడి ఉంటుంది కదా, ఆ వేడి అయ్యేదాకా తిరిగి ఆగుతుంది. మాన్యువల్‌లో పెడితే బిళ్లతో పని లేదు, మీరు ఎప్పుడు వేస్తే అప్పుడు తిరుగుతుంది. కాబట్టి ఆటోలోనే ఉంచండి, మనిషి కంటే ఆ బిళ్లకే ఓపిక ఎక్కువ.

డయల్ విషయంలో ఒక తికమక ఉంది. చాలా డయళ్లలో ఆఫ్ నుంచి "టక్" మని తిప్పగానే వచ్చేది ఫుల్ స్పీడ్. ఇంకా తిప్పుతూ పోతే తగ్గుతుంది. మీరు పెంచుతున్నా అనుకొని తగ్గిస్తున్నారేమో, తగ్గిస్తున్నా అనుకొని పెంచుతున్నారేమో ఒకసారి చూసుకోండి.

ముప్పావు గంట అంటే కొంచెం ఎక్కువే. బిళ్ల సరిగ్గా ఆనకపోయినా, మధ్యలో దుమ్ము పేరుకున్నా ఆలస్యం అవుతుంది. చూసే ముందు ప్లగ్ పీకాలె, స్విచ్ ఆపితే సరిపోదు.

హీట్‌పంప్_భక్తుడు | నవంబర్ 17, ఉదయం 8:02

ఇంత కష్టం ఎందుకండీ. మినీ స్ప్లిట్ హీట్‌పంప్ (వేడి కూడా ఇచ్చే ఏసీ) పెట్టించుకొని రిమోట్ నొక్కుకోండి.

వూస్టర్_పాతకాపు | నవంబర్ 17, ఉదయం 8:30

2008 డిసెంబర్ మంచు తుఫానప్పుడు మీరు ఇక్కడ ఉన్నారా సార్? వాన పడ్డది పడ్డట్టే కొమ్మల మీద గడ్డకట్టి చెట్లన్నీ తీగల మీద కూలాయి. న్యూ హాంప్‌షైర్‌లోనే 4 లక్షలకు పైగా కనెక్షన్లకి కరెంటు పోయింది, కొన్ని ఊళ్లకి రెండు వారాలు రాలేదు. నాకప్పటికి ఇన్సర్ట్ లేదు. ఇద్దరు పిల్లలతో నాలుగు రోజులు పక్కింటి తెల్లాయన కట్టెల స్టవ్ ముందు పడుకున్నాం. ఆ మార్చిలోనే నేనూ ఇన్సర్ట్ పెట్టించాను. హీట్‌పంప్ కూడా ఉంది మాకు, దాన్ని నేనేమీ అనట్లేదు.

ఇక మంట సంగతి. నాషువా తమ్ముడూ, కట్టెలు ఎక్కడివి? ఏ చెట్టువి? ఎప్పుడు చీల్చినవి?

నాషువా_కొత్తిల్లు | నవంబర్ 17, మధ్యాహ్నం 12:45

అక్టోబర్‌లో ఒకాయన దగ్గర ఒక కార్డు (ఇక్కడ కట్టెల కొలత) కొన్నాను. 350 డాలర్లు. ఓక్ అన్నాడు, "సీజన్డ్", అంటే ఆరబెట్టినవి అన్నాడు. గరాజ్ పక్కన నీలం పరదా కప్పి ఉంచాను.

ఓరుగల్లు గారూ, మీరు చెప్పింది నిజం. నా డయల్ తలకిందుల బాపతే. వారం నుంచి "తక్కువ" అనుకొని ఫుల్‌లో పెడుతున్నాను.

మిషిగన్_మావయ్య | నవంబర్ 17, సాయంత్రం 6:10

హహ్హ. దొరికాడు దొంగ. కానీ అసలు దొంగ ఇంకొకడు, ఆ ఓక్.

ఓక్ ఆరడానికి చీల్చి, గాలికి పేర్చి, పైన మాత్రమే కప్పి ఉంచితే రెండేళ్లు పడుతుంది. అమ్మేవాళ్ల నోట "సీజన్డ్" అంటే చెట్టు కొట్టి ఆరు నెలలైంది అని. అది చెట్టుగా ఉందా, దుంగగా ఉందా, పేళ్లుగా ఉందా అన్నది చెప్పరు. దుంగగా పడేస్తే ఏడాదైనా ఆరదు, బెరడు లోపల నీళ్లు అలాగే ఉంటాయి. మీ పరదా పక్కల కూడా కప్పేస్తోందా? అయితే ఆరబెట్టట్లేదు, ఊరబెడుతున్నారు.

20, 25 డాలర్లకి తేమ మీటరు దొరుకుతుంది. పేడు పైన గుచ్చితే ఎప్పుడూ ఆరినట్టే చూపిస్తుంది, మోసపోకండి. గది వేడికి ఒక రోజు ఉంచిన పేడుని అప్పటికప్పుడు రెండుగా చీల్చి, కొత్తగా తెరుచుకున్న ముఖం మీద గుచ్చాలి. 20 శాతం లోపు ఉంటే కాల్చండి. 25 దాటితే పక్కన పెట్టండి.

ఎందుకంత పట్టింపు అంటే ఒక లెక్క చెప్తాను. మీటరు 30 చూపించిందంటే 20 పౌండ్ల ఎండు కట్టెకి 6 పౌండ్ల నీళ్లు ఉన్నాయని. అంటే 26 పౌండ్ల కట్టె లోపల వేస్తే దాదాపు మూడు లీటర్ల నీళ్ల కుండ ఒకటి మంటలో పెట్టినట్టు. ముందు ఆ నీళ్లు మరిగి ఆవిరి కావాలి, తర్వాత కదా మీ గది.

మా వైపు బూడిదరంగు యాష్ కట్టె ఎక్కువ దొరుకుతుంది. 2002లో డెట్రాయిట్ పక్కనే ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చ పురుగు బయటపడ్డాక యాష్ చెట్లన్నీ నిలువునా చచ్చిపోయాయి. పాపం చెట్లు, కానీ ఆ కట్టె ఏడాదిలో ఆరిపోతుంది, శుభ్రంగా కాలుతుంది. మీకు పంపిద్దామంటే కుదరదు. ఆ పురుగు కట్టెలతోనే ఊళ్లు తిరిగింది కాబట్టి బయటి రాష్ట్రాల నుంచి వేడిచెయ్యని కట్టెలు మీ న్యూ హాంప్‌షైర్‌లోకి రానివ్వరు.

నాషువా_కొత్తిల్లు | నవంబర్ 19, రాత్రి 8:55

మీటరు వచ్చింది. పైన గుచ్చితే 17. చీల్చి గుచ్చితే 33, 31, 34.

ఇంకో మాట. మా నాన్న గత వారమే వచ్చారు, మార్చి దాకా ఉంటారు. మొదటి రోజే రెండు పేళ్లు ఒకదానికొకటి కొట్టి చూసి, "ఇది పచ్చి కట్టె రా, దబ్బుమంటోంది, ఎండిన కట్టె అయితే ఖంగుమనాలి" అన్నారు. మా ఊరి సరుగుడు వేరు, అమెరికా ఓక్ వేరు నాన్నా అని పెద్ద లెక్చర్ ఇచ్చాను. ఇప్పుడు మీటరు ఆయనకి చూపించాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.

ఎడిసన్_వంటగది | నవంబర్ 19, రాత్రి 9:20

చూపించండి. పెద్దాయన సంతోషపడతారు.

వంట చేస్తుంటే పొగ వచ్చిందన్నారు కదా, దాని సంగతి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను. మీ వంటింటి చిమ్నీ ఎంత పెద్దది? మాది 900 సీఎఫ్‌ఎం, అంటే నిమిషానికి 900 ఘనపుటడుగుల గాలి లాగుతుంది. పోపు ఘాటు పోవాలని మా వారు ఏరి కోరి పెట్టించారు. చలికాలం కిటికీలన్నీ బిగించి ఉంటాయి. చిమ్నీ నిమిషానికి అంత గాలి బయటికి తోస్తే ఆ లోటు పూడ్చడానికి ఇల్లు ఎక్కడో ఒక చోట నుంచి గాలి లాక్కోవాలి. ఇంట్లో తెరిచి ఉన్న పెద్ద గొట్టం ఏది? పొగగొట్టం! నేను మిరపకాయలు వేయించిన ప్రతిసారీ హాల్లో పొగ కక్కేది. ఏడాదిపాటు ఫైర్‌ప్లేస్‌ని తిట్టుకున్నాను.

400 సీఎఫ్‌ఎం దాటిన చిమ్నీకి బయటిగాలి వచ్చే ఏర్పాటు ఉండాలని చాలా చోట్ల బిల్డింగ్ కోడ్‌లో ఉంది. పాత ఇళ్లలో ఎవరు చూస్తారు? ప్రస్తుతానికి మంట ఉన్నప్పుడు చిమ్నీ చిన్న స్పీడ్‌లో పెట్టి, వంటింటి కిటికీ రెండంగుళాలు తెరవండి. బట్టల డ్రయ్యర్, బాత్రూం ఫ్యాన్లు కూడా ఇదే పని చేస్తాయి. పోపు పెద్దది అయితే మంట వెలిగించకముందే కానిచ్చేయండి. నేను ఇప్పుడు పులిహోర పోపు మధ్యాహ్నమే పెట్టేస్తున్నాను.

అన్నట్టు కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా? పొగ అలారం వేరు, అది వేరు. ఇలా వెనక్కి తన్నే ఇంట్లో అది లేకుండా ఒక్క రాత్రి కూడా మంట పెట్టొద్దు. పాప ఉందన్నారు, గాజు ముందు కంచె కూడా పెట్టండి, ఆ గాజు కాలితే బొబ్బ మామూలుగా ఉండదు.

చలిపులి | నవంబర్ 20, ఉదయం 6:40

మిన్నెసోటా నుంచి. మేం ఇక్కడ మైనస్‌లలో బతుకుతాం. మీరంతా అనవసరంగా భయపెడుతున్నారు. పడుకునే ముందు పెట్టె నిండా కట్టెలు కుక్కి, గాలి పూర్తిగా మూసేయండి. తెల్లారేదాకా కునుకుతూ కాలుతుంది. కట్టె కాస్త పచ్చిగా ఉంటే ఇంకా మంచిది, నిదానంగా కాలుతుంది. ఆరేళ్లుగా చేస్తున్నా, ఏమీ కాలేదు.

వూస్టర్_పాతకాపు | నవంబర్ 20, ఉదయం 7:25

అయ్యా, ఆరేళ్లలో పొగగొట్టం ఎన్నిసార్లు తుడిపించారు?

చలిపులి | నవంబర్ 20, ఉదయం 7:31

ఒకసారి.

వూస్టర్_పాతకాపు | నవంబర్ 20, ఉదయం 8:15

దయచేసి ఈ వారమే పొగగొట్టం తుడిచే స్వీప్‌ని పిలవండి. వెటకారం కాదు.

గాలి మూసి కునికిస్తే కట్టెలోని పొగ కాలకుండా గొట్టం ఎక్కుతుంది. పైకి పోయేకొద్దీ చల్లబడి లోపలి గోడకి అంటుకుంటుంది. అదే క్రియోసోట్. మొదట మసి, తర్వాత పెళుసు పెంకులు, ఆ తర్వాత తారులా నల్లగా మెరిసే పూత. ఆ మూడో దశ బ్రష్‌కి కూడా రాదు. ఒక రోజు మంచి ఎండు కట్టె వేసి మంట జోరుగా లేపినప్పుడు అది అంటుకుంటుంది. మా వీధిలో ఒకరింట్లో అంటుకున్నప్పుడు రైలు ఇంటి మీదనుంచి పోతున్నట్టు చప్పుడు. అలాంటిది వినపడితే గాలి కమ్మీ మూసి, అందర్నీ బయటికి తెచ్చి, 911కి ఫోన్ చేయడమే. నీళ్లు పోయకూడదు.

కొత్త తరం పెట్టెలు పొగనే కాల్చేలా కట్టారు. లోపల పైకప్పు దగ్గర చిన్న చిల్లులున్న గొట్టాలు కనిపిస్తాయి. వాటిలోంచి కాగిన గాలి వచ్చి పైకి లేచిన పొగని అంటిస్తుంది, గ్యాస్ బర్నర్‌లా పైనుంచి మంటలు వేలాడతాయి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2020 మే నుంచి అమలు చేసిన హద్దు గంటకి రెండు, రెండున్నర గ్రాముల పొగ మసి. అంత తక్కువకి రావడం ఆ గొట్టాల పుణ్యమే. కానీ పెట్టె బాగా కాగి ఉంటేనే, కట్టె ఎండి ఉంటేనే అవి పనిచేస్తాయి. పచ్చి కట్టె, మూసిన గాలి, ఫుల్ ఫ్యాన్ మూడూ కలిస్తే ఆ గొట్టాలు ఉన్నా లేనట్టే.

నాషువా తమ్ముడూ, నేను వెలిగించే పద్ధతి. మన పొయ్యిలో కింద పుల్లలు, పైన కట్టెలు. ఇక్కడ తిరగేయండి. అడుగున మూడు లావు పేళ్లు, వాటి మీద సన్నవి, అన్నిటికన్నా పైన చితుకులు, ఒక అంటించే బిళ్ల. గాలి కమ్మీ పూర్తిగా తెరిచి పైనుంచి అంటించండి. మంట కిందికి దిగుతూ వస్తుంది, పొగగొట్టం ముందే వేడెక్కుతుంది, పొగ చాలా తక్కువ. గొట్టం గోడ బయట ఉండి బాగా చల్లగా ఉంటే ముందు ఒక న్యూస్‌పేపర్ చుట్టి పైకి పట్టుకొని కాల్చండి, లోపలి చలిగాలి కదులుతుంది. పావుగంటయ్యాక కమ్మీ పావు వంతు, ఇంకాస్త ఆగి సగం అలా మెట్లు మెట్లుగా తగ్గించాలి. మంట బద్ధకంగా ఊగాలి, కానీ చావకూడదు. బయటికెళ్లి గొట్టం చూడండి, పొగ కనిపించకుండా వేడి గాలి మాత్రం మినుకుమినుకుమంటుంటే మీరు పాసైనట్టు.

రాత్రికి నిలవాలంటే నిప్పుల్ని ముందుకి లాగి, వెనక పెద్ద పేళ్లు దగ్గర దగ్గరగా పేర్చి, గాలి తెరిచి బాగా అంటుకోనిచ్చి, ఆ తర్వాతే తగ్గించండి. తెల్లారేసరికి నిప్పులుంటాయి, అది చాలు.

చలిపులి | నవంబర్ 20, ఉదయం 8:40

సరే అన్నా. పిలుస్తా.

నాషువా_కొత్తిల్లు | నవంబర్ 24, రాత్రి 10:30

రిపోర్ట్. ఆ ఓక్ అంతా గరాజ్ పక్కనుంచి తీసి, పెరట్లో ఎండా గాలీ తగిలే చోట పలకల మీద పేర్చాం. పేర్చింది ఎక్కువ నాన్నే. పైన మాత్రమే రేకు. ఇప్పటికి దుకాణంలో దొరికే రంపపు పొట్టు ఇటుకలు తెచ్చాను. మొదటి రోజు ఎండు కట్టె రుచి తెలిసింది. అరగంటకే ఫ్యాన్ "టిక్" మంది, గంటలో హాలు 64 నుంచి 71 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి వచ్చింది. గాజు మీద చిన్న మచ్చ కూడా లేదు.

కానీ రెండో రోజు నేను ఆఫీసులో ఉండగా నాన్న తలుపు తెరిచే ఉంచి, పేళ్లు సన్నగా చీల్చి ఒకటొకటిగా లోపలికి తోస్తూ కూర్చున్నారట. మా ఊళ్లో పొయ్యి ముందు కూర్చున్నట్టే. ఇల్లాలు ఫోన్ చేసి "పెట్టె పైన ఏదో ఎర్రగా కనిపిస్తోంది" అంది. ప్రాణం పోయినంత పనైంది.

మిషిగన్_మావయ్య | నవంబర్ 24, రాత్రి 10:52

అమ్మో. ఎర్రబడటం అంటే హద్దు దాటినట్టే. తలుపు తెరిచి కాలిస్తే గాలికి అడ్డూ ఆపూ ఉండదు, సన్న పుల్లలు ఒక్కసారిగా భగ్గుమంటాయి. అలా అయినప్పుడు తలుపు మూసి, గాలి కమ్మీ తగ్గించి, ఫ్యాన్ ఫుల్‌లో పెట్టాలి. అతుకులు, లోపలి ఇటుకలు, పైన అడ్డంగా ఉండే బాఫిల్ పలక పగిలాయేమో చల్లబడ్డాక టార్చ్ వేసి చూడండి. అయస్కాంతంతో అతుక్కునే థర్మామీటర్ ఒకటి ముందు ముఖానికి పెట్టండి. మాది 400 నుంచి 600 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంచుతాం. మీ మోడల్ పేరు తలుపు పక్కనో కిందో రేకు మీద కొట్టి ఉంటుంది, దాన్ని బట్టి పుస్తకం నెట్‌లో వెతకండి. అందులో రాసిందే చివరి మాట, మాది కాదు. మావయ్యలు చాలామంది ఉంటారు.

రంపపు పొట్టు ఇటుకలు కూడా పెట్టె నిండా కుక్కకండి, కట్టె కన్నా పొడిగా ఉంటాయి, రెండు మూడు చాలు.

నాన్నగారికి పొయ్యి అప్పగించండి, థర్మామీటర్ కూడా ఆయనకే అప్పగించండి. ఒక ముల్లు చూపించి ఇక్కడ దాటకూడదు అని చెబితే ఆ తరం వాళ్లు మనకన్నా నిష్ఠగా చూస్తారు.

ఓరుగల్లు_పిల్ల | నవంబర్ 25, ఉదయం 7:05

పనిలో పని, తలుపు చుట్టూ ఉన్న తాడు గాస్కెట్ కూడా చూడండి. డాలర్ నోటు తలుపులో పెట్టి మూసి లాగండి. ఈజీగా జారి వస్తే అక్కడ గాలి దూరుతున్నట్టు. గట్టిగా పట్టుకోవాలె. చల్లగా ఉన్నప్పుడే, నోటు కాల్చుకోకండి.

ఎడిసన్_వంటగది | నవంబర్ 25, ఉదయం 9:48

ఇల్లు కొన్నప్పుడు పొగగొట్టం కెమెరాతో చూపించారా? ఇల్లు చేతులు మారినప్పుడు ఆ స్థాయి తనిఖీ చేయించమని ఇక్కడి అగ్నిప్రమాద నివారణ సంఘం వాళ్ల ఎన్‌ఎఫ్‌పీఏ 211 ప్రమాణం చెప్తుంది. మామూలు ఇంటి ఇన్‌స్పెక్టర్ టార్చ్ వేసి చూసి "బాగుంది" అని రాసేస్తాడు, మాకు అదే జరిగింది.

నాషువా_కొత్తిల్లు | డిసెంబర్ 6, సాయంత్రం 5:20

స్వీప్ వచ్చి కెమెరా దింపాడు. ఇటుక గొట్టం లోపల 6 అంగుళాల స్టీల్ గొట్టం (లైనర్) ఉంది, పై కొస దాకా. అది మంచి వార్త. పై నాలుగడుగుల్లో గోధుమరంగు పెంకులు, బ్రష్‌తో వచ్చేశాయి. మీరు చెప్పిన మూడో దశ కాదు. ఇన్సర్ట్ పెట్టేటప్పుడు ఇటుక గొట్టాన్ని మూసే పాత తలుపు (డ్యాంపర్) దగ్గర లైనర్ చుట్టూ అడ్డు రేకు వేయలేదట. పెట్టె పైభాగం వేడి అంతా ఆ ఖాళీలోంచి ఇటుక గొట్టంలోకి, అక్కడినుంచి బయటి గోడలోకి. అంటే ఇన్నాళ్లూ మేం పక్కింటి ఉడతలకి వెచ్చదనం ఇస్తున్నాం. ఇన్సర్ట్ బయటికి లాగి, రాక్‌వూల్ (వేడిని ఆపే రాతి నార) కుక్కి, రేకు వేసి మళ్లీ బిగించాడు.

లాగినప్పుడే ఫ్యాన్ చూశాను. పాత ఓనరు కుక్క బొచ్చు ఒక దిండుకి సరిపోయేంత. స్నాప్ డిస్క్ మీద దుమ్ము అట్టకట్టి ఉంది, బ్రాకెట్ వదులైపోయింది. ప్లగ్ పీకి, మెత్తటి బ్రష్‌తో దులిపి, వాక్యూమ్ పెట్టి, బ్రాకెట్ బిగించాను. ఇప్పుడు 20, 25 నిమిషాలకే ఫ్యాన్ వస్తోంది.

ఓరుగల్లు_పిల్ల | డిసెంబర్ 6, సాయంత్రం 6:00

శభాష్. రెక్కలు వంచలేదు కదా? ఒక్క రెక్క వంగినా గడగడమంటది. మోటారుకి నూనె చిల్లులు ఉంటే ఎలక్ట్రిక్ మోటార్ నూనె రెండు చుక్కలు, లేకపోతే అసలు వెయ్యొద్దు. మా బావ కొబ్బరినూనె వేసిండు. రెండు రోజులు ఇల్లంతా కొబ్బరి మాడు వాసన, మూడో రోజు మోటారు పట్టేసింది.

మిషిగన్_మావయ్య | డిసెంబర్ 6, రాత్రి 7:12

హాలు వేడెక్కాక పడగ్గదులు చల్లగా ఉంటాయి, ఈ ప్రశ్న ఎలాగూ అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నాను. వేడి గాలిని అటు తోయాలని చూడకండి. చిన్న టేబుల్ ఫ్యాన్ ఒకటి చల్లటి గదుల వైపు నడవాలో నేల మీద పెట్టి, హాలు వైపు ఊదించండి. నేలమీది చల్లగాలి హాల్లోకి వస్తే, పైకప్పు కింద ఉన్న వేడిగాలి దానంతట అదే అటు వెళ్తుంది. మొదట నేనూ నమ్మలేదు. థర్మోస్టాట్ హాల్లోనే ఉంటే ఫర్నేస్ అసలు రాదు, మరీ చలి రోజుల్లో దూరపు బాత్రూం పైపులు గడ్డకట్టకుండా కాస్త కనిపెట్టి ఉండండి.

నాషువా_కొత్తిల్లు | డిసెంబర్ 29, రాత్రి 9:10

నిన్న రాత్రి కరెంటు పోయింది, ఏడు గంటలు. ఫ్యాన్ లేకుండా ఎలా అని టెన్షన్ పడ్డాను. నాన్న "పొయ్యికి కరెంటెందుకు రా" అన్నారు. నిజమే, గాజులోంచి వచ్చే వేడితోనే హాలు 66 దగ్గర నిలిచింది. కట్టెలు మామూలుకన్నా తక్కువ వేశాం, ఫ్యాన్ లేకపోతే పెట్టె ఎక్కువ కాగుతుంది కదా అని. పాపకి అక్కడే పక్క వేశాం, కంచెకి ఇవతల.

ఓరుగల్లు గారూ, ఫ్యాన్‌ని బ్యాటరీ మీద నడపొచ్చా?

ఓరుగల్లు_పిల్ల | డిసెంబర్ 29, రాత్రి 9:44

నడపొచ్చు. ఫ్యాన్ రేకు మీద ఎన్ని వాట్లో రాసి ఉంటుంది. 100 వాట్లు అనుకుంటే 8 గంటలకి 800 వాట్ అవర్లు, ఇన్వర్టర్ నష్టం కలిపి 1000 ఉన్న పోర్టబుల్ పవర్ స్టేషన్ (ఇన్వర్టర్ ఉన్న బ్యాటరీ పెట్టె) తీసుకోండి. ప్యూర్ సైన్ వేవ్ అని చూసి కొనండి, లేకపోతే మోటారు గుయ్యిమంటది, వేడెక్కుతది.

చలిపులి | జనవరి 4, ఉదయం 7:50

స్వీప్ వచ్చి వెళ్లాడు. మాది మూడో దశే. బ్రష్‌కి రాలేదు, మందు వేసి మళ్లీ వస్తానన్నాడు, అప్పటిదాకా వెలిగించొద్దన్నాడు. వూస్టర్ అన్నా, థాంక్స్. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

వూస్టర్_పాతకాపు | జనవరి 4, ఉదయం 8:20

చెప్పండి. ఎందుకు వెలిగించట్లేదో వాళ్లకి తెలియకపోతే మీరు లేనప్పుడు వెలిగిస్తారు.

నాషువా_కొత్తిల్లు | జనవరి 10, రాత్రి 8:35

భోగి వస్తోంది. నాన్న గరాజ్‌లో పాత కుర్చీ ఒకటి చూసి పెట్టారు, రంగు వేసినది. ఇండియన్ స్టోర్‌లో పిడకలు కూడా దొరికాయి. ఇన్సర్ట్‌లోనే భోగి చేద్దామంటున్నారు. చేయొచ్చా?

మిషిగన్_మావయ్య | జనవరి 10, రాత్రి 8:50

కుర్చీ వద్దు. రంగు, వార్నిష్, ప్లైవుడ్ జిగురు కాలితే విషపు పొగ, లోపలి ఇనుముకీ మంచిది కాదు. పిడకలు కూడా లోపల వద్దు, పుస్తకంలో కట్టె అని మాత్రమే ఉంటుంది. ఊరి అగ్నిమాపక ఆఫీసులో అనుమతి అడిగి పెరట్లో చిన్న గుంట పొయ్యిలో ఎండు కట్టెలతో నెగడు వేసుకోండి. మేం పదేళ్లుగా అలాగే చేస్తున్నాం, పక్కింటివాళ్లు కూడా కాఫీ కప్పులతో వచ్చి నిలబడతారు.

ఎడిసన్_వంటగది | జనవరి 10, రాత్రి 9:05

బూడిద ఎక్కడ పోస్తున్నారు? మా తెలిసినవాళ్లు "ఆరిపోయింది" అని అట్టపెట్టెలో పోసి డెక్ మీద పెట్టారు. మూడో రోజు డెక్ చెక్క కాలి కన్నం పడింది. నివురుగప్పిన నిప్పు అని ఊరికే అనలేదు మనవాళ్లు. మూతున్న ఇనప బకెట్, ఇంటికి దూరంగా, సిమెంటు మీద.

నాషువా_కొత్తిల్లు | జనవరి 10, రాత్రి 9:30

ఇనప బకెట్టే అండి. బూడిద మొత్తం తియ్యొద్దు, అంగుళం ఉంచితే నిప్పు నిలుస్తుందని నాన్న ముందే చెప్పారు. కొంచెం బూడిద తడి పేపర్‌కి అద్ది గాజు తుడుస్తున్నారు, నేను కొన్న స్ప్రే కన్నా బాగా పోతోంది.

ఒక్కటే మిగిలింది. ఫ్యాన్ అన్నిటికన్నా చిన్న స్పీడ్‌లో పెడితే సన్నగా "హుమ్" మంటోంది. అమ్మ వీడియో కాల్‌లో కూడా వినిపిస్తోందట, తుమ్మెద ఏదైనా పెంచుతున్నారా అని అడిగింది.

ఓరుగల్లు_పిల్ల | జనవరి 10, రాత్రి 9:41

అది డయల్ వల్ల వచ్చే చప్పుడు, మోటారు పాడైందని కాదు. కరెంటుని ముక్కలు చేసి పంపి స్పీడ్ తగ్గిస్తుంది కదా, మరీ కిందికి పోతే అలా మోగుతుంది. ఒక గీత పెంచి చూడండి. మీ డయల్‌కి పెంచడం అంటే వెనక్కి తిప్పడం, మర్చిపోకండి.

నాషువా_కొత్తిల్లు | జనవరి 10, రాత్రి 9:46

వెనక్కి తిప్పాను. ఆగింది.